ఎడిన్‌బరో పాతబస్తీలో చీకటి పడ్డాక: ఏ నేర నడక ఎవరికి?

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో మా ఇంటికి చుట్టాలు వస్తే రెండో రోజు ఒక ప్రశ్న తప్పదు. మొదటి రోజు కోట చూసి, పాతబస్తీ పెద్ద వీధి రాయల్ మైల్ మీద అటూ ఇటూ తిరిగి వస్తారు. అక్కడ సెయింట్ జైల్స్ చర్చి చుట్టుపక్కల పాత నేరాల కథలు, దయ్యాల కథలు చెబుతూ రాత్రి ఊరు తిప్పే నల్లకోట్ల గైడులు పలకలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఒక పలక మీద హంతకులు, ఇంకోదాని మీద దయ్యాలు, మూడోదాని మీద నేలమాళిగలు. ఫోను తెరిచి చూస్తే అన్నిటికీ అవే అయిదు చుక్కలు, అన్నిటి కిందా అవే పొగడ్తలు. "వీటిలో దేనికి వెళ్ళమంటావు?"

అందరితో కలిసి వెళ్ళీ వెళ్ళీ ఇప్పుడు నాకు ఒక లెక్క కుదిరింది. అమ్మానాన్నలతో వెళ్ళాను, చెల్లెలి పిల్లలతో వెళ్ళాను, ఇక్కడ చదువుకునే మన తెలుగు కుర్రాళ్ళ గుంపుతోనూ వెళ్ళాను. బాగున్నవి ఉన్నాయి, డబ్బులు దండగ అనిపించినవీ ఉన్నాయి. నా మాట ముందే చెప్పేస్తాను: ఈ ఊళ్ళో నిజంగా జరిగిన నేరాలు కల్పించిన దయ్యాల కంటే ఎక్కువ భయపెడతాయి. అయినా అందరికీ అదే సరిపడదు.

టికెట్టు కంటే ముందు క్యాలెండర్

మొదట చూసుకోవలసింది పొద్దు ఎప్పుడు గుంకుతుందో. జూన్ నెలాఖరులో ఇక్కడ సూర్యాస్తమయం రాత్రి పది గంటలకు. ఏడున్నర పర్యటనకు డబ్బు కడితే హత్యల కథంతా ఐస్‌క్రీం తినేవాళ్ళ మధ్య, పట్టపగటి వెలుతురులో వినాలి. డిసెంబరులో మధ్యాహ్నం మూడూ నలభైకే పొద్దు వాలిపోతుంది. అయిదింటి నడకకు కూడా గొందుల్లో కాటుక చీకటి. అందుకని వేసవిలో వస్తే నేల కిందికి దిగండి, చలికాలంలో వస్తే వీధిలో నడవండి. ఆగస్టులో ఉత్సవాల జనం మధ్య గైడు గొంతే వినబడదు కనుక ఆ నెలలో వీధి నడక నేను ఎవరికీ చెప్పను.

రెండోది, మీకు నేరం కావాలా, దయ్యం కావాలా? పలక మీద రెండూ ఉంటాయి, లోపల సాధారణంగా ఒకటే ఉంటుంది. కొన్ని పర్యటనల్లో మలుపులో ముసుగేసుకున్న మనిషి ఒకడు దాక్కుని మీద పడేలా దూకుతాడు. ఆ పాత్రకు ఈ ఊళ్ళో 'జంపర్ ఊటర్' అనే పేరు కూడా ఉంది. పదేళ్ళ పిల్లలు కేరింతలు కొడతారు. గుండె జబ్బు ఉన్నవాళ్ళను తీసుకువెళ్తుంటే మాత్రం బుకింగ్ సమయంలోనే అడగండి.

మూడోది కాళ్ళు. పాతబస్తీ ఒక కొండ వీపు మీద కూర్చున్న ఊరు. పెద్ద వీధి వెన్నెముక అయితే రెండు వైపులా పక్కటెముకల్లా గొందులు దిగిపోతాయి. వాటిని ఇక్కడ 'క్లోజ్' అంటారు. పరిచిన రాళ్ళు వాన పడితే సబ్బు రాసినట్టు జారతాయి. వాన ఎప్పుడైనా పడుతుంది.

నాలుగోది యాస. మా నాన్నగారు బ్యాంకులో ముప్ఫై అయిదేళ్ళు ఇంగ్లీషులోనే ఉత్తరాలు నడిపారు. స్కాట్లాండ్ గైడు నోరు విప్పిన మొదటి పావుగంటలో ఆయనకు ఒక్క ముక్క పట్టుబడలేదు. పెద్దవాళ్ళతో వెళ్తుంటే కథ ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర తెలుగులో చెప్పేయండి. అప్పుడు గైడు చెప్పేది గుర్తుపట్టడమే పని.

అయిదోది మన ఇళ్ళలోని పట్టింపు. చీకటి పడ్డాక శ్మశానంలో అడుగు పెట్టడమేమిటని అడిగే వాళ్ళు ఉంటారు. గర్భిణి ఉంటే ఆ మాట ఇంకా గట్టిగా వస్తుంది. వాదించి గెలిచినా ఆ సాయంత్రం చెడిపోతుంది. మా అమ్మ గ్రేఫ్రయర్స్ శ్మశానం గేటు దాకా వచ్చి, "మీరు వెళ్ళి రండి" అని ఎదురుగా కాఫీ దుకాణంలో కూర్చుంది. మేము ఇంటికి చేరేసరికి స్నానాలకు వేడినీళ్ళ మీట వేసి ఉంది.

వెస్ట్ పోర్ట్, గ్రాస్‌మార్కెట్: హంతకుల వీధి నడక

ఇది నా మొదటి ఓటు. ఇక్కడ సరుకంతా కోర్టు కాగితాల్లో ఉంది.

1827 నవంబరులో వెస్ట్ పోర్ట్ దగ్గర టానర్స్ క్లోజ్ అనే గొందిలో విలియం హేర్ నడిపే అద్దె పడకల ఇంట్లో డొనాల్డ్ అనే ముసలి మాజీ సైనికుడు జబ్బుచేసి చనిపోయాడు. హేర్‌కు నాలుగు పౌండ్లు బాకీ. హేర్, అదే ఇంట్లో ఉంటున్న విలియం బర్క్ కలిసి ఆ బాకీ రాబట్టే ఉపాయం ఆలోచించారు. శవపేటికలో తోళ్ళు పదును చేసే చెట్టు బెరడు నింపి పాతిపెట్టనిచ్చారు. శవాన్ని సర్జన్స్ స్క్వేర్‌లో శరీరశాస్త్రం బోధించే డాక్టర్ రాబర్ట్ నాక్స్ దగ్గరికి చేర్చారు. ఏడు పౌండ్ల పది షిల్లింగులు చేతికొచ్చాయి.

అది హత్య కాదు. కానీ ధర తెలిసిపోయింది. ఆ రోజుల్లో చట్టప్రకారం వైద్య విద్యార్థులకు కోసి చూపడానికి దొరికేవి ఎక్కువగా ఉరితీసిన హంతకుల శవాలే. వైద్య విద్యార్థులు వందల్లో, శవాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. 1828లో ఆ ఇద్దరూ కలిసి పదహారు మందిని చంపారు. తాగించి, మత్తులో ఉన్నప్పుడు ఊపిరి ఆడకుండా చేసేవారు. ఒంటి మీద గాయం కనిపించేది కాదు. ఇంగ్లీషులో ఆ పద్ధతికి బర్క్ పేరే క్రియాపదంగా స్థిరపడింది.

గైడు ఎంత మంచివాడో ఇక్కడే తేలిపోతుంది. చనిపోయిన వాళ్ళ గురించి ఎంతసేపు మాట్లాడతాడో చూడండి. జేమ్స్ విల్సన్ అనే కుర్రాడికి పద్దెనిమిదేళ్ళు, కాలు కొంచెం వంకర, వీధుల్లో తిరుగుతూ అందరికీ తెలిసినవాడు. బల్ల మీద అతని శవాన్ని చూసి విద్యార్థులు గుర్తుపట్టారు. అతను కాడని నాక్స్ కొట్టిపారేశాడు. చివరగా చనిపోయింది మార్గరెట్ డొకర్టీ, 1828 అక్టోబరు 31, హాలోవీన్ రాత్రి. గడ్డి కింద దాచిన ఆమె శవం అదే ఇంట్లో బసచేసిన గ్రే దంపతుల కంట పడింది. నోరు మూసుకుంటే డబ్బిస్తామన్నా వాళ్ళు ఒప్పుకోలేదు, పోలీసులకు చెప్పేశారు. పదహారు మందిలో కొందరి పేర్లు ఎవరికీ తెలియవు. హంతకుల మీసాలు, మాటతీరు నటించి చూపడంతోనే గంట గడిపేసే గైడు దొరికితే మీకు అందేది సగం కథే.

సాక్ష్యం చాలక హేర్‌ను అప్రూవర్‌గా మార్చారు. విచారణ డిసెంబరు 24న మొదలై క్రిస్మస్ పొద్దుటికి తీర్పుతో ముగిసింది. 1829 జనవరి 28న లాన్‌మార్కెట్‌లో సుమారు పాతికవేల మంది చూస్తుండగా బర్క్‌ను ఉరితీశారు. తర్వాత అతని శవాన్నీ విశ్వవిద్యాలయంలో బల్ల మీద పెట్టి కోశారు. అస్థిపంజరం ఇప్పటికీ అక్కడే ఉంది. హేర్ విడుదలయ్యాడు, ఇంగ్లండ్ వైపు వెళ్తూ కార్లైల్ పరిసరాల్లో చివరిసారి కనిపించాడు. నాక్స్ మీద కేసే లేదు. అమ్మకు ఇదంతా తెలుగులో చెప్పి ముగించాక ఆమె కాసేపు ఆలోచించి, "అంటే కొన్నవాడికి ఏమీ కాలేదన్న మాట" అంది. గైడు ఆ మాట ఏమిటని అడిగి, తెలుసుకుని, ఇకనుంచి తన కథను దానితోనే ముగిస్తానన్నాడు.

ఈ నడకలో సాధారణంగా ఇంకో ఇద్దరు తగులుతారు. విలియం బ్రోడీ పగలు వడ్రంగుల సంఘం పెద్ద, తాళాలు బిగించే పనిమంతుడు. రాత్రి అవే తాళాలకు మారుచెవులతో దొంగ. కానన్‌గేట్‌లోని ఎక్సైజ్ కార్యాలయం మీద పడిన దొంగతనం బెడిసికొట్టి ఆమ్‌స్టర్‌డామ్‌కు పారిపోయాడు, దొరికాడు, 1788 అక్టోబరు 1న ఉరికంబం ఎక్కాడు. రెండో మనిషి మ్యాగీ డిక్సన్. 1724లో గ్రాస్‌మార్కెట్‌లో ఉరితీశాక, బండిలో సొంత ఊరికి తీసుకువెళ్తుంటే పేటికలోంచి చప్పుడైంది. మూత తీస్తే బతికే ఉంది. మళ్ళీ ఉరి తీయలేదు. ఇంకా చాలా ఏళ్ళు బతికింది. ఉరికంబం ఉన్న చోటికి ఎదురుగా ఇప్పుడు ఆమె పేరుతో ఒక పబ్బు ఉంది.

లోపం ఏమిటంటే టానర్స్ క్లోజ్ ఇప్పుడు లేదు. ఆధునిక కట్టడాల ముందు నిలబడి ఊహించుకోవాలి. కళ్ళతో చూస్తే తప్ప నమ్మకం కుదరని వాళ్ళకు ఇక్కడ వెలితి అనిపిస్తుంది.

గ్రేఫ్రయర్స్: శ్మశానంలో రాత్రి

భయమే కావాలనుకుంటే ఇది. పదిహేడో శతాబ్దపు రాళ్ళ మీద చెక్కిన పుర్రెలు, టార్చిలైటు వాటి మీదుగా జారినప్పుడు పళ్ళు కదిలినట్టే ఉంటాయి. లోపల 'కవెనాంటర్ల చెర' అనే భాగానికి తాళం ఉంటుంది. అనుమతి ఉన్న పర్యటనతో వెళ్తేనే తెరుస్తారు. కవెనాంటర్లు అంటే చర్చి మీద రాజు పెత్తనాన్ని ఒప్పుకోని స్కాట్లాండ్ ప్రొటెస్టెంట్లు. 1679లో బోత్‌వెల్ బ్రిడ్జ్ యుద్ధంలో ఓడిన దాదాపు పన్నెండు వందల మందిని ఈ పక్కనే ఆరుబయట బంధించారు. వాళ్ళను వేటాడిన ప్రభుత్వ న్యాయవాది జార్జ్ మెకంజీ సమాధి మందిరం కూడా ఇదే తోటలో ఉంది. ఎవరో గీరారని, కళ్ళు తిరిగాయని 1990ల చివరి నుంచి సందర్శకులు చెప్పుకునే మాటలు ఆ మందిరం చుట్టూనే అల్లుకున్నాయి. నన్నెవరూ గీరలేదు. చలికి ముక్కు మాత్రం మొద్దుబారింది.

నా కళ్ళు ఆగింది వేరే చోట. రెండు సమాధుల మీద మంచం అంత ఇనుప బోనులు బిగించి ఉన్నాయి. చేత్తో తాకితే చువ్వలు బొటనవేలంత మందం. అవి పిశాచాలు బయటికి రాకుండా అని పక్కనున్నతను భార్యకు చెబుతున్నాడు. నిజానికి అవి సమాధులు తవ్వి శవాలు ఎత్తుకెళ్ళి అమ్ముకునే దొంగలు లోపలికి రాకుండా. శవం కుళ్ళి కోతకు పనికిరాకుండా పోయేదాకా కాపాడుకోవడానికి ఉన్నవాళ్ళు డబ్బు పెట్టి చేసుకున్న ఏర్పాటు. లేనివాళ్ళ బంధువులు రాత్రుళ్ళు సమాధి పక్కన కూర్చునేవారు. బర్క్, హేర్‌ల కథ విన్నాక ఈ చువ్వలు చూస్తే కడుపులో తిప్పుతుంది. అందుకని రెండూ చూసే ఓపిక ఉంటే మొదట వెస్ట్ పోర్ట్ నడక, తర్వాత ఇది.

సౌత్ బ్రిడ్జ్ నేలమాళిగలు

1788లో తెరిచిన ఈ వంతెనకు పందొమ్మిది కమానులు. వాటిలో కౌగేట్ మీది ఒక్కటే బయటికి కనిపిస్తుంది, మిగతావన్నీ ఇళ్ళ వెనక కప్పబడిపోయాయి. ఆ కమానుల కింది గదుల్లో మొదట దుకాణాలు, సారాకొట్లు, తర్వాత నీళ్ళు కారుతుంటే వ్యాపారులు వెళ్ళిపోయి నిరుపేదలు చేరారు. ఆ పైన పూడ్చేశారు. 1980లలో మళ్ళీ తవ్వి తీశారు.

లోపల గైడు దీపం ఆర్పేస్తే మీ చెయ్యి మీకు కనబడదు. పైకప్పు నుంచి ఒక చుక్క మెడ మీద పడుతుంది, పదిమందిలో ఒకరు కెవ్వుమంటారు, అందరూ నవ్వుతారు. జూన్, జులై నెలల్లో చీకటి కావాలంటే దీనికి మించింది లేదు. నేర కథల కోసమైతే ఇది బలహీనం. బర్క్, హేర్ ఇక్కడ శవాలు దాచారని చెప్పే గైడు ఒకరు నాకు తగిలారు. అందుకు ఆధారమేమీ లేదు. నేను అప్పటినుంచి ప్రతి గైడునూ ఒక చిన్న ప్రశ్న అడుగుతాను: "వాళ్ళు సమాధులు తవ్వారా?" తవ్వలేదు, వాళ్ళకు ఆ అవసరమే రాలేదు. ఆ తేడా విడమరిచి చెప్పిన గైడుకు బహుమానం ఇచ్చి వస్తాను.

మేరీ కింగ్స్ క్లోజ్

నగర పాలక భవనం కింద మిగిలిపోయిన పాత గొందులు. 1753లో పైన కొత్త కట్టడం మొదలుపెట్టినప్పుడు ఇళ్ళ పై అంతస్తులు కొట్టేసి, కింది భాగాన్నే పునాదిగా వాడుకున్నారు. వేషం వేసుకున్న గైడు దాదాపు గంటసేపు తిప్పుతారు. నేరం తక్కువ, 1645 నాటి ప్లేగు ఎక్కువ. రోగులను లోపలే ఉంచి గోడ కట్టేశారన్నది కట్టుకథ. జార్జ్ రే అనే ప్లేగు వైద్యుడికి పట్టణ పెద్దలు పెద్ద జీతం ఒప్పుకున్నారు, ఎలాగూ బతకడని. ఆయన బతికి ఆ డబ్బు కోసం ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చింది. వాన పడని చోటు, ఎవరూ మీద దూకని చోటు. మెట్లు మాత్రం ఉన్నాయి, ఇరుకుకు ఊపిరాడని వాళ్ళకు కష్టం.

గైడు లేకుండా, సొంతంగా

నికొల్సన్ స్ట్రీట్‌లోని సర్జన్స్ హాల్ మ్యూజియంతో మధ్యాహ్నం మొదలుపెట్టండి. అక్కడ అద్దాల వెనక ఒక చిన్న గోధుమరంగు తోలు జేబు పుస్తకం ఉంటుంది, చేతిలో ఇమిడిపోయేంత. అది బర్క్ చర్మంతో చేసింది. అక్కడి నుంచి గ్రేఫ్రయర్స్, కాండిల్‌మేకర్ రో గుండా గ్రాస్‌మార్కెట్, వెస్ట్ పోర్ట్, వెనక్కి వచ్చి లాన్‌మార్కెట్‌లో బ్రోడీస్ క్లోజ్. ఆగి చూసుకుంటూ నడిస్తే రెండు గంటలు. ఖర్చు మ్యూజియం టికెట్టు మాత్రమే. యాసతో ఇబ్బంది ఉన్న పెద్దవాళ్ళకు, మీరే గైడుగా, తెలుగులో ఇంతకంటే మంచి మార్గం లేదు. కథ చదువుకుని వెళ్ళే ఓపిక లేకపోతే ఇది ఉత్త వ్యాయామం.

| | వీధి నేర నడక | గ్రేఫ్రయర్స్ రాత్రి | నేలమాళిగలు | మేరీ కింగ్స్ క్లోజ్ | సొంత నడక |
|---|---|---|---|---|---|
| నిజమైన నేరం | చాలా | కొంత | తక్కువ | తక్కువ | చాలా |
| భయం | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ | తక్కువ | మీ ఇష్టం |
| వేసవిలో | వద్దు | ఆలస్యపు వేళైతేనే | సరైనది | సరైనది | సరే |
| వానలో | కష్టం | కష్టం | పైన కాసేపే తడుపు | సుఖం | వాయిదా |
| మోకాళ్ళు | వాలు, జారుడు | వాలు, గడ్డి | మెట్లు, చీకటి | మెట్లు, ఇరుకు | మీ వేగం |

ఎవరికి ఏది

పన్నెండేళ్ళ లోపు పిల్లలతో వస్తే మేరీ కింగ్స్ క్లోజ్, పగటి పూట. నేలమాళిగల్లో దీపం ఆర్పినప్పుడు మా చెల్లెలి చిన్నవాడు నా కోటు పట్టుకున్న పట్టు రెండు రోజులు గుర్తుంది. హంతకుల కథ వాడికి తర్వాత చెప్పాను, శవాల బేరం తీసేసి. అది తీసేస్తే కథే మిగలదని అప్పుడు అర్థమైంది.

స్నేహితుల గుంపుగా వచ్చిన విద్యార్థులు గ్రేఫ్రయర్స్‌కు వెళ్ళండి. మీకు కావలసింది కేకలు, ఫొటోలు, మర్నాడు చెప్పుకోవడానికి ఒక మాట. డబ్బు చూసుకోవాలంటే ఉచిత నడకలు ఉన్నాయి, కానీ పేరుకే ఉచితం. చివర్లో టోపీ చాపినప్పుడు చేతులు జేబులో పెట్టుకుని జారుకోవడం బాగుండదు. ఆ గైడుకు రాత్రి కూలి అదే.

వైద్యం, నర్సింగ్, న్యాయం చదివేవాళ్ళు వీధి నడకకే వెళ్ళాలి, ముందు మ్యూజియం చూసి. ఈ హత్యల తర్వాత 1832లో వచ్చిన చట్టం శవాల కొరతను తీర్చింది. ఎలా అంటే, అనాథాశ్రమాల వంటి పేదల ఇళ్ళలో చనిపోయి, ఎవరూ అడగని శవాలను కోతకు ఇవ్వనిచ్చింది. బర్క్, హేర్ వెతికింది కూడా ఎవరూ అడగనివాళ్ళనే. దీని గురించి గైడు చెప్పకపోతే మీరే అడగండి, చివరి పావుగంట దానితోనే గడిచిపోతుంది.

డెబ్భై దాటిన తల్లిదండ్రులతో అయితే సొంత నడక, అదీ సగమే: మ్యూజియం, గ్రాస్‌మార్కెట్, ఒక కప్పు టీ. కొండ ఎక్కే భాగానికి టాక్సీ పిలవండి.

ఒక్కరే వచ్చి ఒకే సాయంత్రం ఉంటే, నెల అక్టోబరు నుంచి మార్చి మధ్యలోదైతే, వీధి నడక. చాలావాటి టికెట్టు ఇరవై పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. హాలోవీన్ వారంలో ముందే కొనుక్కోకపోతే దొరకదు. ఆ వారం గుంపులు కూడా పెద్దవి కనుక నవంబరు రెండో వారం దాకా ఆగగలిగితే ఇంకా మంచిది. జారని చెప్పులు కాదు, జారని బూట్లు. గొడుగు వద్దు, ఇక్కడి గాలికి తిరగబడుతుంది, తలకు టోపీ ఉన్న కోటు వేసుకోండి. బుక్ చేసే ముందు వాళ్ళకు ఒక ఉత్తరం రాసి మూడు విషయాలు కనుక్కోండి: గుంపులో ఎంతమంది, మీద దూకేవాళ్ళు ఉన్నారా, నడక ఎక్కడ ముగుస్తుంది. మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, మొదలుపెట్టిన చోటే ముగుస్తుందనుకుని గ్రాస్‌మార్కెట్ అడుగున రాత్రి తొమ్మిదింటికి వానలో తేలి, అమ్మ కాఫీ దుకాణం మూసేశారని ఫోను చేస్తుంటే కొండెక్కి పరుగెత్తినవాడిని నేను.